మర్యాదకి పెట్టిన దరఖాస్తు

కూరాబిన్,
మార్చి 4

సమీక్షా ట్రిబ్యునల్ రిజిస్ట్రీ వారికి,

అయ్యా, లేక అమ్మా,

నా పేరు డోరీన్ ప్లమ్‌రిడ్జ్. కూరాబిన్ మెయిన్ రోడ్డు మీద, పశువుల మందుల కొట్టు పక్కనున్న జుట్టు సెలూన్ నాది. ఊళ్లో ఇంకోటి లేదు కాబట్టి బోర్డు కూడా పెట్టలేదు. నా దగ్గర ఓయున్ అని మంగోలియా అమ్మాయి పనిచేస్తోంది. ఆ అమ్మాయి ఇక్కడే ఉండిపోవడానికి వీసా కావాలంటే యజమాని నామినేషన్, అంటే ఈ మనిషి నాకు కావాలనే కాగితం, పెట్టాలి అన్నారు. పెట్టాను. వలసల శాఖవారు కాదన్నారు. నామినేషన్ పోతే వీసా కూడా పోతుంది, పిల్ల పెట్టె సర్దుకుని వెళ్లిపోవాలి. మీకు అప్పీలు చేసుకోవచ్చని ఆ కాగితం చివర్న చిన్నక్షరాల్లో ఉంది. అందుకే ఈ ఉత్తరం.

వాళ్లు చెప్పిన కారణాలు రెండు. "ఈ ఉద్యోగి లేకపోతే మీ వ్యాపారం ఎలా నడుస్తుంది?" అని ఫారంలో అడిగారు. "ఎలాగోలా నెట్టుకొస్తాం" అని రాశాను. అంటే నాకు అవసరం లేనట్టేనట. మరేం రాయాలండీ? మా ఊళ్లో ఎవర్నడిగినా అదే అంటారు. పోయిన వరదల్లో గాలన్‌గారి భార్య ఇంటి కప్పు మీద కూర్చుని, పడవేసుకుని వచ్చినవాళ్లతో "మాకేం ఫరవాలేదు, ముందు పక్కవాళ్లని చూడండి" అంది. పక్కవాళ్ల ఇల్లు గుట్ట మీద ఉంది.

రెండో కారణం మెర్విన్ టాటర్సాల్. బయటివాళ్లని తీసుకునే ముందు ఇక్కడివాళ్ల కోసం ప్రకటన ఇవ్వాలి కదా, ఇచ్చాను. పేపర్లోనూ వేయించాను, ఊరంతా చేరే బౌలింగ్ క్లబ్బు గోడకీ అంటించాను. ఎవ్వరూ రాలేదు. ఆ కాగితం అలా దిక్కులేకుండా వేలాడుతుంటే నా పరువు పోతోందని మెర్వ్ ఒక్కడూ దరఖాస్తు పెట్టాడు. మర్యాద కోసం. మా ఊళ్లో ఎవరైనా కేకు చేసి అమ్మకానికి పెడితే ఒక్క ముక్కైనా కొనకుండా వెళ్లం, ఇదీ అలాంటిదే. అతని గురించి నా అభిప్రాయం అడిగారు. మర్యాదకి పెట్టిన దరఖాస్తుకి అమర్యాదగా ఎలా రాస్తాను? "గొర్రెల బొచ్చు తియ్యడంలో నలభై ఏళ్ల అనుభవం, నేను లేని రోజుల్లో మగవాళ్ల తలలు కూడా చూశాడు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు" అని రాశాను. అనుభవమున్న స్థానికుడు చేతిలో ఉండగా విదేశీయురాలెందుకు అన్నారు శాఖవారు.

కాస్త చూడండి.

ఇట్లు,
డోరీన్ ప్లమ్‌రిడ్జ్

తాజాకలం: దీంతోపాటు ఎండుపళ్ల కేకు పంపుతున్నాను. కేసుకీ దానికీ సంబంధం లేదు, ఉత్తరం ఒక్కటే అంత దూరం పంపడం బాగుండదని.

మరొక మాట: మెర్విన్ టాటర్సాల్ చాలా మంచి మనిషి. చూడ్డానికి కూడా బాగుంటాడు.

*

సమీక్షా ట్రిబ్యునల్ రిజిస్ట్రీ,
మార్చి 15

గౌరవనీయులైన శ్రీమతి ప్లమ్‌రిడ్జ్ గారికి,

తమ అప్పీలు అందినది. ఇకపై మీ ఫైలు నేను చూస్తాను. రిజిస్ట్రీ సిబ్బంది ఎటువంటి న్యాయసలహా ఇవ్వరాదని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

ట్రిబ్యునల్ సభ్యురాలు మీ కేసును మొదటినుంచీ కొత్తగా పరిశీలిస్తారు. కనుక ఓయున్ గారి పనితనం గురించి ఖాతాదారుల వాంగ్మూలాలు, ఆ ఉద్యోగం మీ వ్యాపారానికి నిజంగా అవసరమని చూపే వివరాలు, శ్రీ టాటర్సాల్ ఆ ఉద్యోగానికి తగునో తగరో తెలిపే మీ వివరణ పంపగలరు.

ట్రిబ్యునల్ సిబ్బంది కానుకలు స్వీకరించరాదు. కేకు తిప్పి పంపడమైనది.

భవదీయుడు,
డొమినిక్ ఫెరాంటి
రిజిస్ట్రీ అధికారి

తాజాకలం: కేకు వచ్చినప్పటి బరువుకీ, తిరిగి వెళ్లేటప్పటి బరువుకీ తేడా ఉన్న మాట వాస్తవం. ఈ విషయమై మా అంతస్తులో విచారణ జరుగుతున్నది.

*

కూరాబిన్,
మార్చి 27

ఫెరాంటి గారికి,

కేకు నచ్చలేదని అర్థమైంది. మీవాళ్లు కొంచెం రుచి చూసి మిగతాది వెనక్కి పంపారంటే ద్రాక్ష ఎక్కువై ఉంటుంది. ఈసారి ద్రాక్ష తగ్గించి, బ్రాందీ పెంచి పంపుతున్నాను.

వాంగ్మూలాలు అడిగారు కదా, క్లబ్బులో ఒక్క మాట చెప్పాను. ఊరంతా రాసింది. జతపరిచాను. మచ్చుకి కొన్ని:

"ఫరవాలేదు. ఇంతకన్నా అన్యాయంగా కత్తిరించినవాళ్లని చూశాను." ఇది రాసింది మా స్కూలు హెడ్మాస్టరు. ఆయన ఎవర్నైనా ఇంతలా పొగడ్డం నేనెప్పుడూ వినలేదు.

"ఆ పిల్ల వచ్చాక నా చెవులు రెండూ ఉన్నాయి." కోల్ బ్రాంట్.

"నా మొగుడు మనిషిలా కనిపిస్తున్నాడు. దానికి ఆమెని క్షమించలేను." శ్రీమతి గాలన్.

"మా ఊరికి ఇలాంటి పీడ ఇంకోటి వద్దు, ఇదొక్కటి చాలు." ఇది పోలీసు స్టేషన్ నుంచి, సార్జెంటు సంతకంతో వచ్చింది. ఓయున్ చదివి పొద్దస్తమానం నవ్వుతూనే ఉంది. "డోరీన్, నన్ను వీళ్లు ఇంత ఇష్టపడుతున్నారా?" అంది. "పొగరు తలకెక్కుతుందే, పో, వెళ్లి తువాళ్లు ఆరెయ్యి" అన్నాను.

అవసరం గురించి: ఈ మధ్య నా చేతులు కాస్త బిగుసుకుంటున్నాయి. పెద్ద విషయమేం కాదు. పెద్దవాళ్లమయ్యాక ఎవరికి ఉండదు?

మెర్వ్ గురించి: అతను వేగంగా పనిచేస్తాడు. నిజంగానే చాలా వేగం.

ఇట్లు,
డోరీన్ ప్లమ్‌రిడ్జ్

తాజాకలం: వేగం ఒక్కటే కాదు, నేర్పు కూడా ఉంది. కిట్టనివాళ్లు ఏదో అంటారు.

*

సమీక్షా ట్రిబ్యునల్ రిజిస్ట్రీ,
ఏప్రిల్ 16

గౌరవనీయులైన శ్రీమతి ప్లమ్‌రిడ్జ్ గారికి,

వాంగ్మూలాలు అందినవి. వాటి ప్రతులను నిబంధన ప్రకారం శాఖకు పంపాము. వారి స్పందన ఇది.

ఊరిలో ఓయున్ గారి పట్ల తీవ్రమైన అసంతృప్తి ఉన్నట్లు వారు భావిస్తున్నారు. పోలీసు సార్జెంటు గారి వాంగ్మూలం వారిని ప్రత్యేకించి కలవరపరచినది. ఆమెపై కేసులేవైనా ఉన్నాయా అని అడుగుతున్నారు.

మీ చేతుల విషయం: ఉత్తరాలన్నీ యజమాని స్వహస్తంతో, చక్కని గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయనీ, ఇంత నిలకడైన చేయి కలవారు కత్తెర పట్టలేకపోవడం నమ్మశక్యంగా లేదనీ, అందువల్ల ఉద్యోగం అవసరం నిరూపణ కాలేదనీ వారి అభిప్రాయం. వారి మాటను మీకు చేరవేయడం నా విధి.

శ్రీ టాటర్సాల్ మీద మీరు రాసినదంతా ఆయనకు అనుకూలంగానే ఉన్నది. ఇదే ధోరణి సాగితే ఉద్యోగం ఆయనకే ఇవ్వవలసి వస్తుందేమో అని... ఇది సలహా కాదు.

భవదీయుడు,
డొమినిక్ ఫెరాంటి

తాజాకలం: రెండవ కేకు తిప్పి పంపలేదు. బ్రాందీ ఉన్న వస్తువులను తపాలాలో పంపకూడదని మా భద్రతాధికారి తీర్పు ఇచ్చి, దానిని అక్కడికక్కడే నిర్మూలించారు. ఇందుకు ఆరుగురు సహకరించారు.

*

కూరాబిన్,
ఏప్రిల్ 28

నాయనా ఫెరాంటీ,

ముందుగా, చేతిరాతని మెచ్చుకున్నందుకు శాఖవారికి చాలా చాలా కృతజ్ఞతలు. ఇన్నాళ్లకి ఒకరు గుర్తించారు. చిన్నప్పుడు బడిలో గుండ్రటి రాతకి బహుమతి వచ్చింది. ఆ మాట ఊళ్లో ఎవరూ నమ్మరు. నీ ఉత్తరం నకలొకటి క్లబ్బు గోడకి అంటించాం.

ఇక కేసులంటారా, ఓయున్ మీద కేసులేం లేవు. సార్జెంటుకి సంగతి చెబితే పాపం కంగారుపడి ఇంకో కాగితం రాసిచ్చాడు. "ఆమె గురించి నేను ముందు రాసిన మాటలో చిన్న మార్పు: పీడ అంటే మాకు అలవాటైన పీడ" అని ఉంది అందులో. దాన్ని పంపొద్దని ఓయున్ బతిమాలింది. పంపుతున్నాను, అతను కష్టపడి రాశాడు.

అసలీ పిల్లతో నాకో గొడవ జరిగింది, నీకు చెప్పాలి. మొన్న సాయంత్రం వెనక గదిలో చప్పుడైతే వెళ్లి చూశాను. తన గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది.

"ఏం చేస్తున్నావే?"

"ముందే సర్దుకుంటే ఏడుపు రాదని."

"ఎవరు పొమ్మన్నారు నిన్ను?"

"ఎవరూ ఉండమనలేదుగా డోరీన్. ఫారంలో నువ్వు ఏం రాశావో శాఖవాళ్లు నాకు చూపించారు. ఎలాగోలా నెట్టుకొస్తాం అన్నావు."

"అది ఊరికే అనే మాటే!"

"మా అమ్మ కూడా ఇలాగే అంటుంది. ఏమీ అక్కర్లేదు, వెళ్లిరా అంటుంది. తలుపు దగ్గర మాత్రం చాలాసేపు నిలబడుతుంది. శాఖవాళ్లకి మన తలుపు కనపడదు కదా."

నేను గిన్నెలన్నీ విప్పి మళ్లీ అలమరలో పెట్టేశాను. ఒకటి పగిలింది. అదీ ఆమె తప్పే అన్నాను.

నాయనా, పిల్లకి ఇక్కడేదో మేలు చేస్తున్నానని నామినేషన్ పెట్టలేదు. ఇంకా చాలా రాయాలనుంది కానీ రాయించడం కష్టంగా ఉంది. రాయడం అనాలి.

ఇట్లు,
డోరీన్

తాజాకలం: శాఖవారు పెద్దక్షరాలు కూడా చూడాలనుకుంటే వేరే కాగితం మీద రాసి పంపగలం.

*

సమీక్షా ట్రిబ్యునల్ రిజిస్ట్రీ,
మే 12

గౌరవనీయులైన డోరీన్ గారికి,

నిబంధనల ప్రకారం నేను రాయగలిగినది ఇంతే, కనుక జాగ్రత్తగా చదవండి.

సభ్యురాలు ఫైలు చూశారు. మీరు పంపబోయే సమాధానంతో తృప్తిపడితే విచారణకు పిలవకుండానే కాగితాల మీద నిర్ణయం చేస్తారు. ఆమెకు తెలియవలసినవి రెండే. శ్రీ టాటర్సాల్ దరఖాస్తుకు ఈనాటి వరకు మీరు కాదనే సమాధానమే ఇవ్వలేదు. ఆయన ఆ ఉద్యోగానికి ఎందుకు పనికిరారో కారణాలతో, రాతపూర్వకంగా చెప్పాలి. రెండు, మీ చేతుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. "కాస్త", "ఫరవాలేదు", "పెద్ద విషయమేం కాదు" వంటి మాటలు లేకుండా.

సమాధానం రాకపోతే శాఖ నిర్ణయమే నిలుస్తుంది. ఓయున్ గారు దేశం విడిచి వెళ్లవలసి ఉంటుంది.

ఇది సలహా కాదు. కానీ డోరీన్ గారూ, మా నాన్న తాపీ పని చేసేవాడు. నడుం విరిగిపోతున్నా "బాగానే ఉంది" అనేవాడు. మేమందరం నమ్మాం. ఆ తప్పు ట్రిబ్యునల్ చేత చేయించకండి.

భవదీయుడు,
డొమినిక్ ఫెరాంటి

తాజాకలం: పెద్దక్షరాలు అవసరం లేదు. దయచేసి ఇక రాత గురించి మాట్లాడవద్దు. అదే మన కొంప ముంచుతున్నది.

*

కూరాబిన్,
మే 20

ఫెరాంటి గారికి,

మీ ఉత్తరం చేరింది. మెర్విన్ టాటర్సాల్ ఈ ఉద్యోగానికి ఎందుకు పనికిరాడంటే, అతను మంచి మనిషి, నాకు ముప్పై ఏళ్లుగా పొరుగు, అతను ఎందుకు పనికిరాడంటే

అయ్యా, ఇక్కడిదాకా ఆవిడ చెప్పింది, నేను రాశాను. ఇక్కడ ఆగిపోయి "టీ పెట్టుకొస్తానుండు మెర్వ్" అని లోపలికి వెళ్లింది. ఇక మీదట నేనే రాస్తున్నాను. నా పేరు మెర్విన్ టాటర్సాల్.

మీకు వచ్చిన ఉత్తరాలన్నీ నా చేతివే. డోరీన్ కలం పట్టుకోలేక ఏడాది దాటింది. ఓయున్ చేత రాయించవచ్చు కదా అన్నాను. "ఆ పిల్ల ఎదురుగా దాన్ని పొగడాలి, నాకు సిగ్గు" అంది. అందుకని రోజూ టీకి వచ్చే నన్ను కూర్చోబెట్టి చెప్పేది. కింద ఆ వంకర గీత ఒక్కటే ఆవిడది. అది సంతకం.

ఇప్పుడు అర్థమైందా అయ్యా, నా గురించి ఒక్క చెడ్డ మాట ఎందుకు రాలేదో? కలం నా చేతిలో ఉంటే ఆవిడ ఎలా చెబుతుంది? "మెర్వ్ చాలా వేగం" అని చెప్పి, నా మొహం చూసి, ఇంకోసారి "చాలా వేగం" అంది. తాజాకలాల్లో నా అందం, నా నేర్పు గురించిన వాక్యాలు మాత్రం ఆవిడ చెప్పలేదు. అవి నా సొంతం. చేతిరాత గురించి పొంగిపోయిందీ నేనే. నా రాత వల్లే ఆవిడ కేసు పాడవుతోందని మొన్నటి మీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే నాకు తెలిసింది. చదవడం ఆపి ముక్కు చీదాను. జలుబని చెప్పాను.

కాబట్టి మీరడిగిన కారణాలు నేనే చెబుతాను. నాకు మనుషుల జుట్టు కత్తిరించడం రాదు. గొర్రెని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకోవడం వచ్చు. మనిషిని అలా పట్టుకుంటే మళ్లీ రాడు. హెడ్మాస్టరు కూతురి పెళ్లికి నేను ఆయన తల చూశాను. ఫోటోల్లో ఆయన లేడు, కావాలంటే అడగండి. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదన్న మాట నిజమే. మా ఊళ్లో చెయ్యరు, టోపీ పెట్టుకుంటారు. ఉద్యోగం నాకు వద్దు. ఎప్పుడూ అక్కర్లేదు. ఆ కాగితం గోడ మీద ఒంటరిగా ఉంటే చూడలేక పెట్టిన దరఖాస్తు అది. దాని వల్ల ఒక పిల్ల కొంప కూలుతుందని తెలిస్తే నా చెయ్యి విరగ్గొట్టుకునేవాణ్ణి.

డోరీన్ చేతుల గురించి. రెండు చేతులతో పట్టుకుంటే తప్ప కప్పు లేవదు. బొత్తాలు ఓయున్ పెడుతుంది, ఎవరూ చూడకుండా, స్కార్ఫు సర్దుతున్నట్టు నటిస్తూ. సెలూన్‌లో డోరీన్ దువ్వెన పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటుంది. కత్తిరించేదంతా ఆ పిల్లే. ఓయున్ వెళ్లిపోయిన మర్నాడు ఆ తలుపు మూతపడుతుంది. నెట్టుకొచ్చేదేం ఉండదు.

ఇంకొకటి, ఇది నా సంగతి. మా ఆవిడ ప్యాట్ పోయాక నేను ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడలేదు. జనం వచ్చి "ఎలా ఉన్నావ్" అనేవాళ్లు, "బాగానే" అనేవాణ్ణి, కూర తపేలా పెట్టి వెళ్లిపోయేవాళ్లు. ఓ రోజు జుట్టుకని సెలూన్‌లో కూర్చున్నాను. ఓయున్ నా తల కడుగుతూ "మీ ఆవిడ పేరేంటి?" అంది. ఎవరూ అడగలేదయ్యా, ఎందుకంటే అందరికీ తెలుసు. ఆ పేరు నా నోటితో చెప్పి ఎన్నాళ్లయిందో. చెప్పాను. తర్వాత ఆపలేకపోయాను. నీళ్లు చల్లారిపోయినా ఆ పిల్ల కుళాయి కట్టలేదు. ఊళ్లో మగవాళ్లందరూ నెలకోసారి ఆ కుర్చీలో కూర్చుని ఏదో ఒకటి చెప్పుకుంటారు. అవసరమా అని అడిగారు కదా. అవసరం. మాకు ఆ అమ్మాయి కావాలి. ఈ మాట ఊళ్లో ఎవరూ రాయరు కాబట్టి ఊరందరి తరఫునా నేను రాస్తున్నాను.

డోరీన్ టీ తెస్తున్న చప్పుడు వినిపిస్తోంది. వెళ్లి అందుకోవాలి, ఒలికిస్తుంది.

ఇట్లు,
ఉద్యోగానికి పనికిరాని,
మెర్విన్ టాటర్సాల్

తాజాకలం: ఆవిడకి చదివి వినిపించాను. నా గురించి రాసిన చోట "మరీ అంత ఘోరంగా రాయకు మెర్వ్, కొట్టెయ్" అంది. చేతుల గురించి రాసింది మాత్రం కొట్టెయ్యమనలేదు. గీత పెట్టింది. చూడండి, కింద.

*

సమీక్షా ట్రిబ్యునల్ రిజిస్ట్రీ,
జూన్ 9

డోరీన్ గారికి, ఓయున్ గారికి, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న మెర్విన్ గారికి,

సభ్యురాలు నిర్ణయం చేశారు. శాఖ ఇచ్చిన తిరస్కరణ రద్దయినది. మీ నామినేషన్ ఆమోదం పొందినది. ఓయున్ గారి వీసా దరఖాస్తు ఇక ముందుకు సాగుతుంది. దానికి మరికొన్ని కాగితాలు అడుగుతారు. అడిగినవాటికి నిజం రాయండి.

నిర్ణయం పూర్తి పాఠం జతపరిచాను. చాలా పొడవుగా ఉన్నది. మీకు కావలసిన వాక్యం మాత్రం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"సాక్ష్యాలన్నీ పరిశీలించిన మీదట, శ్రీ మెర్విన్ టాటర్సాల్‌కు జుట్టు కత్తిరించడం రాదని ఈ ట్రిబ్యునల్ సంపూర్ణంగా నిర్ధారించుకున్నది."

హృదయపూర్వక అభినందనలతో,
డొమినిక్ ఫెరాంటి

తాజాకలం: మెర్విన్ గారూ, ఆ వాక్యం దగ్గర గొంతు తగ్గించవద్దు. ఓయున్ గారికి వినబడేలా, గట్టిగా చదవండి.